ఈక్వలైజర్: పెంచడమా, తగ్గించడమా?

ఒకే పాటను రెండు వేర్వేరు హెడ్‌ఫోన్లలో విని చూడండి. ఒకదానిలో మృదంగం గంభీరంగా మోగుతుంది. గాయకుడి గొంతు మాత్రం దుప్పటి కప్పుకుని పాడుతున్నట్టు ఉంటుంది. రెండోదానిలో గొంతు స్పష్టంగానే ఉంటుంది. కాని "స", "ష" అక్షరాలు వచ్చినప్పుడల్లా చెవిలో సూది గుచ్చినట్టవుతుంది. పాట మారలేదు, పాడినవారు మారలేదు. మారింది పాటకూ చెవికీ మధ్య ఉన్న పరికరం ఒక్కటే.

ఈ తేడాను సరిచేసుకోవడానికి ఉన్న సాధనం ఈక్వలైజర్. బల్ల మీద పెట్టుకుని వాడే హెడ్‌ఫోన్ ఆంప్లిఫయర్లలో కొన్నింటికి ఇది ఇప్పుడు లోపలే అమర్చి వస్తోంది. కొత్తగా చేతికి వచ్చిన ఈక్వలైజర్‌తో తరచుగా జరిగేది ఏమిటంటే, మొదట "బాస్" పెంచుతారు. అప్పుడు గొంతు మూసుకుపోయిందనిపించి "ట్రెబుల్" పెంచుతారు. మధ్యభాగం వెనకబడిందనిపించి దాన్నీ పెంచుతారు. అన్నీ పెరిగాక పాట పగులుతుంది, చెవులు అలసిపోతాయి. చివరికి ఈక్వలైజర్ శబ్దాన్ని చెడగొడుతుందని తేల్చి దాన్ని కట్టేస్తారు.

చెడగొట్టింది ఈక్వలైజర్ కాదు, వాడిన తీరు. ఇది ప్రధానంగా తగ్గించే సాధనం. ఈ ఒక్క విషయం పట్టుబడితే పాటా బాగుపడుతుంది, చెవులూ నిలుస్తాయి. అదెలాగో చూద్దాం.

పేరు వెనక కథ

ఈక్వల్ అంటే సమానం. సమానం చేసేది ఈక్వలైజర్. టెలిఫోన్ తొలి దశాబ్దాలలో ఇంజనీర్లను ఒక చిక్కు వేధించింది. మాట మైళ్ల కొద్దీ తీగల మీద ప్రయాణించేటప్పుడు అందులోని పౌనఃపున్యాలన్నీ ఒకే మేరకు తగ్గవు. హెచ్చు పౌనఃపున్యాలు ఎక్కువగా, తక్కువ పౌనఃపున్యాలు తక్కువగా నష్టపోతాయి. అందువల్ల అవతలి చివరకు చేరే మాట మూసిన తలుపు వెనక నుంచి వచ్చినట్టు ఉండేది.

దీనికి విరుగుడుగా తీగ చివర నిరోధాలు, కెపాసిటర్లు, తీగచుట్టలతో చేసిన వలయాలను అమర్చారు. ఈ వలయాలకు దేన్నీ పెంచే శక్తి లేదు. అవి చేసిందల్లా ఎక్కువగా మిగిలిన తక్కువ పౌనఃపున్యాలను కూడా హెచ్చు పౌనఃపున్యాల స్థాయికి దించడం. అన్నీ ఒక మట్టానికి వచ్చాక మొత్తాన్ని ఆంప్లిఫయర్‌తో పెంచేవారు. అంటే పుట్టుకతోనే ఈక్వలైజర్ పని మిట్టలను చెక్కడం. పల్లాలను పూడ్చడం ఆ తర్వాత నేర్చిన విద్య.

1952లో పీటర్ బాక్సాండల్ అనే ఇంగ్లండు ఇంజనీరు "వైర్‌లెస్ వరల్డ్" పత్రికలో ఒక వలయాన్ని ప్రకటించాడు. బాస్, ట్రెబుల్ అనే రెండు గుండీలతో పాటను రెండు చివర్లా ఎత్తడానికీ దించడానికీ వీలైంది. రేడియోలలో, రికార్డు ప్లేయర్లలో అది ఇంటింటికీ చేరింది. 1980లలో, 90లలో మన ఇళ్లలోని టేప్ రికార్డర్ల ముఖం మీద వరసగా కనిపించిన నిలువు మీటలు గుర్తున్నాయా? అవి గ్రాఫిక్ ఈక్వలైజర్లు. ఒక్కో మీట ఒక్కో పౌనఃపున్యపు పట్టీని పెంచుతుంది, తగ్గిస్తుంది. అయితే ఆ పట్టీ ఎక్కడ ఉండాలో, ఎంత వెడల్పు ఉండాలో తయారుచేసినవారే నిర్ణయించేవారు. వినేవారి చేతిలో ఉన్నది ఎత్తు ఒక్కటే.

హెర్ట్జ్, డెసిబెల్

సెకనుకు ఎన్ని కంపనాలు అన్నది పౌనఃపున్యం. దాని ప్రమాణం హెర్ట్జ్. ఆరోగ్యవంతమైన యువకుడి చెవి సుమారు 20 నుంచి 20,000 హెర్ట్జ్ వరకూ వినగలదు. వయసుతో పాటు పైహద్దు దిగుతూ వస్తుంది.

ఏ వాద్యమూ ఒక్క పౌనఃపున్యాన్ని మాత్రమే పలికించదు. ప్రాథమిక పౌనఃపున్యంతో పాటు దాని పై మెట్ల మీద అతిస్వరాలు కూడా మోగుతాయి. మామూలు డప్పులో ఈ అతిస్వరాలు ఒక క్రమం లేకుండా ఉంటాయి. మృదంగంలో అలా కాదు. చర్మం మధ్యనున్న నల్లటి లేపనం వల్ల అవి తీగ వాద్యాలలో లాగా ప్రాథమిక పౌనఃపున్యానికి రెండు, మూడు, నాలుగు రెట్లుగా సర్దుకుంటాయి. సి.వి.రామన్, శివకాళి కుమార్ కలిసి 1920లో "నేచర్" పత్రికలో వివరించిన సంగతి ఇది. మృదంగానికి శ్రుతి ఉండటానికి కారణం ఇదే.

ఈక్వలైజర్ వాడేవారికి ఇందులో ఒక హెచ్చరిక ఉంది. మీరు 200 హెర్ట్జ్ దగ్గర పెంచితే మృదంగం ఒక్కటే పెరగదు. అక్కడ స్వరం కాని, అతిస్వరం కాని ఉన్న ప్రతి వాద్యమూ, గాయకుడి గొంతుతో సహా, పెరుగుతుంది. ఈక్వలైజర్‌కు వాద్యాలు తెలియవు, పౌనఃపున్యాలే తెలుసు.

ఇక డెసిబెల్. దీన్ని మామూలు కూడికలాగా చూస్తే మోసపోతాం. 3 డెసిబెల్ పెంచడమంటే సామర్థ్యం రెట్టింపు కావడం. 6 డెసిబెల్ పెంచితే నాలుగు రెట్లు, 10 పెంచితే పది రెట్లు, 12 పెంచితే దాదాపు పదహారు రెట్లు. మరి చెవికి? సుమారు 10 డెసిబెల్ పెరిగితే గాని "రెండింతలు బిగ్గరగా ఉంది" అనిపించదు. చెవికి రెండింతలు అనిపించేసరికి హెడ్‌ఫోన్ మీద భారం పది రెట్లయి ఉంటుంది. ఈక్వలైజర్ తెర మీద "12" అన్న అంకె చిన్నదిగానే కనిపిస్తుంది. అది కోరేది మాత్రం పదహారింతల శక్తి.

ఏ పట్టీలో ఏముంటుంది?

● 20–60 హెర్ట్జ్: చెవికన్నా ఒంటికి తెలిసే అడుగు శబ్దం. చాలా పాటల్లో ఇక్కడ ఉండేది కొద్దిగానే.
● 60–250 హెర్ట్జ్: బాస్ గిటారు, మృదంగం ఎడమవైపు, పురుష కంఠపు మంద్రం.
● 250–500 హెర్ట్జ్: శబ్దానికి నిండుదనం. మరీ ఎక్కువైతే డబ్బాలో పాడినట్టుంటుంది.
● 500–2,000 హెర్ట్జ్: గొంతు, వీణ, వయొలిన్‌ల ప్రధాన భాగం.
● 2,000–5,000 హెర్ట్జ్: మాట స్పష్టత. చెవికి సున్నితత్వం అత్యధికంగా ఉండే చోటు.
● 5,000–10,000 హెర్ట్జ్: "స", "ష"ల ఊపిరి, తాళాల మెరుపు.
● 10,000 హెర్ట్జ్ పైన: చుట్టూ గాలి ఆడుతున్నట్టుండే భావన.

చెవి నాళం ఒక గొట్టం

అన్ని పౌనఃపున్యాలనూ సమానంగా పలికించే హెడ్‌ఫోన్ తయారుచేస్తే ఈ గొడవే ఉండదు కదా అని మీరు అడగవచ్చు. చిక్కంతా "సమానంగా" అన్న మాటలోనే ఉంది.

చెవి రంధ్రం నుంచి కర్ణభేరి దాకా ఉన్న నాళం పొడవు సుమారు రెండున్నర సెంటీమీటర్లు. ఒక వైపు తెరిచి, మరో వైపు కర్ణభేరితో మూసిన గొట్టమిది. ఇంటర్మీడియట్‌లో మూసిన గొట్టం పాఠం చదివినవారికి గుర్తుండే ఉంటుంది: గొట్టం పొడవుకు నాలుగు రెట్లు తరంగదైర్ఘ్యం ఉన్న శబ్దానికి అనునాదం కలుగుతుంది. రెండున్నర సెంటీమీటర్లకు నాలుగు రెట్లు పది సెంటీమీటర్లు. గాలిలో శబ్ద వేగం సెకనుకు 340 మీటర్లు. భాగిస్తే 3,400 హెర్ట్జ్ వస్తుంది. నాళం తిన్నని గొట్టం కాదు, గట్టి గోడలదీ కాదు కనుక కొలతలలో ఈ అనునాదం 3,000 హెర్ట్జ్ దాపున కనిపిస్తుంది. చెవిడొప్ప, తల, భుజాలు కూడా తమ వంతు మార్పులు చేస్తాయి. ఎదురుగా ఉన్న మనిషి మాట్లాడినప్పుడు ఆ మాట కర్ణభేరిని చేరేసరికి 3,000 హెర్ట్జ్ దగ్గర పెద్ద మిట్టతోనే చేరుతుంది. పుట్టినప్పటి నుంచి అలాగే వింటున్నాం కాబట్టి మెదడుకు అదే సహజం.

హెడ్‌ఫోన్ శబ్దం ఎదురుగా నుంచి రాదు. చెవి పక్కనే పుడుతుంది. తల, భుజాల ప్రభావం పోతుంది. చెవిడొప్ప ప్రభావం మారిపోతుంది. కనుక ఆ మిట్టను తగినంత మేరకు హెడ్‌ఫోనే పలికించాలి. ఎంత మేరకు అన్నదే ప్రశ్న. 2012 తర్వాతి సంవత్సరాలలో హార్మన్ సంస్థలో షాన్ ఆలివ్, టాడ్ వెల్టి తదితరులు శ్రోతలను కూర్చోబెట్టి ఈ ప్రశ్నను పరీక్షించారు. మంచి గదిలో పెట్టిన మంచి లౌడ్‌స్పీకర్లు చెవికి ఎలా వినిపిస్తాయో దానికి దగ్గరగా ఉన్న హెడ్‌ఫోన్లనే ఎక్కువమంది మెచ్చుకున్నారు. అంటే 3,000 హెర్ట్జ్ దగ్గర ఒక మిట్ట, అడుగున బాస్‌లో కొంత ఎత్తు. ఈ ఆకారానికి "హార్మన్ లక్ష్యరేఖ" అని పేరు పడింది.

పేరున్న హెడ్‌ఫోన్లు కూడా ఈ రేఖకు అచ్చంగా సరిపోవు. 1997లో వచ్చిన సెన్‌హైజర్ హెచ్‌డి 600 గొంతును అతి సహజంగా పలికిస్తుందని పేరు. కాని వెనకవైపు తెరిచి ఉండే రకం కావడం వల్ల అడుగు బాస్‌లో క్రమంగా దిగిపోతుంది. బేయర్‌డైనమిక్ డిటి 990 దీనికి వ్యతిరేకం. 8,000 హెర్ట్జ్ దాపున దానికొక కొట్టొచ్చినట్టు కనిపించే శిఖరం ఉంది. "స", "ష"లు గుచ్చుకునేది అక్కడే. మొదటిదానికి ఒక పల్లం, రెండోదానికి ఒక మిట్ట. రెండింటికీ మందు ఈక్వలైజరే, మోతాదే వేరు.

మూడు మీటలు

ఇప్పటి హెడ్‌ఫోన్ ఆంప్లిఫయర్లలో కనిపించేది ఎక్కువగా పారామెట్రిక్ ఈక్వలైజర్. 1972లో అమెరికాకు చెందిన జార్జి మాసెన్‌బర్గ్ ఆడియో ఇంజనీర్ల సభలో దీనిని వివరించాడు. గ్రాఫిక్ ఈక్వలైజర్‌లో తయారీదారు చేతిలో ఉండిపోయిన రెండు నిర్ణయాలను ఇది వినేవారి చేతికి ఇచ్చింది. ప్రతి పట్టీకీ మూడు మీటలు:

పౌనఃపున్యం: పట్టీ నడిబొడ్డు ఎక్కడ ఉండాలి?
పెంపు లేక తగ్గింపు: ఎన్ని డెసిబెల్?
క్యూ: పట్టీ ఎంత సన్నం?

మొదటి రెండూ సులువే. క్యూ అంటే నడిబొడ్డు పౌనఃపున్యాన్ని పట్టీ వెడల్పుతో భాగిస్తే వచ్చేది. నడిబొడ్డు 1,000 హెర్ట్జ్, క్యూ 1 అయితే పట్టీ వెడల్పు 1,000 హెర్ట్జ్. క్యూ 10 అయితే వెడల్పు 100 హెర్ట్జే. క్యూ తక్కువైతే చేటతో చెరిగినట్టు, ఎక్కువైతే పట్టకారుతో ఏరినట్టు అన్నమాట. ఇవిగాక "షెల్ఫ్" అనే ఆకారం ఒకటుంది. ఒక పౌనఃపున్యం నుంచి కిందికి అంతటినీ, లేదా పైకి అంతటినీ అది ఒకే మేరకు ఎత్తుతుంది, దించుతుంది. బాస్, ట్రెబుల్ గుండీలు ఈ జాతివే.

ఉదాహరణకు జర్మనీకి చెందిన ఆర్‌ఎంఈ సంస్థ తయారీ ఏడీఐ-2 డాక్ తీసుకోండి. చిన్న పెట్టె ఇది. కంప్యూటర్ నుంచి వచ్చే అంకెలను శబ్ద సంకేతంగా మార్చే భాగం, హెడ్‌ఫోన్‌ను నడిపే ఆంప్లిఫయర్ రెండూ ఇందులోనే ఉంటాయి. అయిదు పట్టీల పారామెట్రిక్ ఈక్వలైజర్, విడిగా బాస్-ట్రెబుల్, లౌడ్‌నెస్ అనే మరో సౌకర్యం కూడా ఇందులో ఉన్నాయి. చిన్న తెర మీద వక్రరేఖ గీసి చూపిస్తుంది. ఈక్వలైజర్ పెట్టెలోనే ఉండటం వల్ల ఒక సదుపాయం ఉంది: పాట కంప్యూటర్ నుంచి వచ్చినా, సి.డి. ప్లేయర్ నుంచి వచ్చినా, టెలివిజన్ నుంచి వచ్చినా సవరణ ఒకటే. ప్రతి యంత్రంలోనూ విడివిడిగా అమర్చుకోవలసిన పని లేదు.

పెట్టె లోపలి లెక్క

బాక్సాండల్ కాలంలో ఈ పనిని కెపాసిటర్లు, నిరోధాలు చేసేవి. ఇప్పుడు గుణకారాలు, కూడికలు చేస్తున్నాయి. సి.డి.లో శబ్దం సెకనుకు 44,100 అంకెలుగా ఉంటుంది, ఒక్కో చెవికి అన్ని. ప్రతి పట్టీకీ ఒక చిన్న సూత్రం ఉంటుంది: ఇప్పుడు వచ్చిన అంకె, దానికి ముందు వచ్చిన రెండు అంకెలు, తాను ఇంతకుముందు ఇచ్చిన రెండు జవాబులు – ఈ అయిదింటినీ అయిదు స్థిరాంకాలతో గుణించి కలుపుతుంది. వచ్చిందే కొత్త జవాబు. మీరు గుండీ తిప్పినప్పుడు మారేవి ఆ అయిదు స్థిరాంకాలే.

మొత్తం పని ఎంత? అయిదు పట్టీలు, ఒక్కోదానికి అయిదు గుణకారాలు, రెండు చెవులు, సెకనుకు 44,100 సార్లు. గుణిస్తే సెకనుకు 22 లక్షల 5 వేల గుణకారాలు. ఇప్పటి చిన్న చిప్‌కు ఇది లెక్కలోకి రాని శ్రమ.

నిండు బిందె

ఇక అసలు విషయానికి వద్దాం. అంకెల రూపంలోని శబ్దానికి ఒక పైకప్పు ఉంటుంది. అంతకు మించిన అంకెను ఆ పద్ధతిలో రాయడానికే వీల్లేదు. ఇప్పటి సినిమా పాటలు, పాప్ పాటలు సాధారణంగా ఆ కప్పును తాకేంత ఎత్తులో రికార్డు చేసి విడుదల చేస్తారు. అంటే బిందె అంచుదాకా నిండి ఉంది. మీరు బాస్‌ను 6 డెసిబెల్ పెంచితే మరో బిందెడు నీళ్లు అందులోనే పోసినట్టు. తరంగ శిఖరాలు కప్పుకు కొట్టుకుని చదునుగా తెగిపోతాయి. దీన్నే క్లిప్పింగ్ అంటారు. తెగిన చోట అసలు పాటలో లేని కొత్త పౌనఃపున్యాలు పుడతాయి. పాట పగిలినట్టు వినిపించేది ఇందుకే. ఇది ఈక్వలైజర్ దోషం కాదు, చోటు మిగల్చకపోవడం వల్ల వచ్చిన దోషం.

మందు సులువు. ఏ పట్టీనైనా ఎంత పెంచుతున్నారో, మొత్తం స్థాయిని ముందే కనీసం అంత తగ్గించండి. ఈక్వలైజర్లు చాలావాటిలో ఇందుకోసం "ప్రీ-ఆంప్" అనే మీట ఉంటుంది. అది లేనిచోట పరికరపు వాల్యూమ్‌ను కప్పు దగ్గర కాకుండా బాగా కింద ఉంచండి.

అలా తగ్గిస్తే నాణ్యత పోదా? లెక్క చూడండి. అంకెల శబ్దంలో ఒక్కో బిట్ విలువ సుమారు 6 డెసిబెల్. సి.డి.లోవి 16 బిట్‌లు, అంటే 96 డెసిబెల్ పరిధి. పెట్టెలోని లెక్కలు 24 బిట్‌లలో గాని, అంతకుమించి గాని జరుగుతాయి. ఆరు డెసిబెల్ తగ్గిస్తే పోయేది ఒక్క బిట్. మిగిలే 23 బిట్‌ల పరిధి 138 డెసిబెల్. సి.డి.కి కావలసినదానికన్నా అది చాలా ఎక్కువ.

ఇంకో మాట. బాస్‌నూ ట్రెబుల్‌నూ చెరి 4 డెసిబెల్ పెంచి మొత్తం వాల్యూమ్‌ను 4 డెసిబెల్ దించారనుకోండి. రెండు చివర్లూ మొదటి స్థాయికే వస్తాయి, మధ్యభాగం 4 డెసిబెల్ దిగుతుంది. మొదటే మధ్యభాగాన్ని 4 డెసిబెల్ దించి ఊరుకుంటే వచ్చేదీ అదే రేఖ. రెండు దారులూ చేర్చేది ఒకే ఊరికి. రెండోదానిలో పైకప్పు తగిలే ప్రమాదం లేదు. ఈక్వలైజర్‌లో ముఖ్యం రేఖ ఆకారం, దాని ఎత్తు కాదు.

మీరే చేసి చూడండి

1. ముందు అన్ని పట్టీలనూ సున్నాకు తెండి. బాగా పరిచయమున్న రెండు మూడు రికార్డింగులు ఎంచుకోండి. ఒకటి గొంతు ప్రధానంగా ఉన్నది, ఒకటి బాస్ ఉన్నది, ఒకటి తాళాల మోత ఉన్నది అయితే మంచిది. వాల్యూమ్ మామూలు మాట స్థాయిలోనే ఉండాలి.

2. హెడ్‌ఫోన్ మెత్తలు చెవి చుట్టూ సరిగా కూర్చున్నాయో లేదో చూడండి. మూసి ఉండే రకం హెడ్‌ఫోన్లలో కళ్లద్దాల కాడ వల్ల చిన్న సందు ఏర్పడినా బాస్ కారిపోతుంది. ఆ లోటును ఈక్వలైజర్‌తో పూడ్చబోవడం చిల్లు కుండలో నీళ్లు పోయడమే.

3. గుచ్చుకునే శబ్దం ఉంటే ముందు దాన్ని పట్టండి. ఒక పట్టీని క్యూ 2, తగ్గింపు 6 డెసిబెల్ దగ్గర పెట్టి, నడిబొడ్డును 5,000 నుంచి 10,000 హెర్ట్జ్ వరకూ మెల్లగా జరపండి. "అమ్మయ్య" అనిపించిన చోట ఆపండి. ఇప్పుడు తగ్గింపును 6 నుంచి 5కు, 4కు తెస్తూ గుచ్చుకోకుండా ఉండే కనీసపు మోతాదు వద్ద ఉంచండి. పట్టీని పెంచి, జరుపుతూ వెతికే పద్ధతి కూడా ఉంది. హెడ్‌ఫోన్ చెవిలో ఉండగా మాత్రం అది వద్దు.

4. బాస్ తక్కువనిపిస్తే 100 హెర్ట్జ్ దగ్గర షెల్ఫ్ పెట్టి 3 డెసిబెల్‌తో మొదలుపెట్టండి. మొత్తం స్థాయిని 3 డెసిబెల్ దించాకే ఈ పని చేయండి. హెచ్‌డి 600 వంటి తెరిచిన హెడ్‌ఫోన్‌కు మరికొంత అవసరం కావచ్చు. చిన్న డయాఫ్రం ఎంతైనా కదలలేదు. బరువైన బాస్‌కు టపటప మన్న మోత మొదలైతే వెనక్కి తగ్గండి.

5. ఇప్పుడు ఈక్వలైజర్‌ను కట్టేసి, పెట్టి పోల్చండి. ఇక్కడే పెద్ద మోసం పొంచి ఉంది. రెండింటిలో ఏది కాస్త బిగ్గరగా ఉంటే అదే చెవికి బాగున్నట్టు అనిపిస్తుంది. తేడా ఒక డెసిబెలే అయినా మెదడు దాన్ని "స్పష్టత" అనుకుంటుంది. కనుక గొంతు రెండింటిలోనూ ఒకే స్థాయిలో వినిపించేలా వాల్యూమ్ సర్ది ఆ తర్వాతే తీర్పు చెప్పండి.

6. అమరికను పరికరంలో భద్రపరచి వారం రోజులు ముట్టుకోకండి. కొత్త రుచికి చెవి అలవాటు పడాలి. ఆ తర్వాత సవరణ అవసరమైతే ఒకటి రెండు డెసిబెల్‌లే మార్చండి.

ప్రతి హెడ్‌ఫోన్‌కూ ఇతరులు కొలిచి ఇచ్చిన అమరికలు దొరుకుతాయి. ప్రారంభానికి అవి పనికొస్తాయి. అయితే కొలిచింది కృత్రిమ చెవితో. సుమారు 8,000 హెర్ట్జ్ పైన తరంగదైర్ఘ్యం నాలుగున్నర సెంటీమీటర్లకు లోపలే ఉంటుంది; చెవిడొప్ప మడతలలో, నాళం పొడవులో కొద్దిపాటి తేడా ఉన్నా శిఖరాలు స్థానం మారుతాయి. కనుక ఆ ప్రాంతంలో చివరి మాట మీ చెవిదే.

చేయలేని పనులు

పాత టేపులో విద్యుత్తు గుంయ్‌మన్న మోత ఉంటే దానిని ఈక్వలైజర్ బాగా అణచగలదు. మన విద్యుత్తు పౌనఃపున్యం 50 హెర్ట్జ్. మోత 50 దగ్గర, దాని రెట్టింపు 100 దగ్గర ఉంటుంది. ఆ రెండు చోట్లా క్యూ 9 లేక 10తో 12 డెసిబెల్ తగ్గిస్తే మోత వోల్టేజి నాలుగో వంతుకు పడిపోతుంది. పట్టీ సన్నం కనుక పాటకు జరిగే నష్టం స్వల్పం. అయితే అదే మోత ఆంప్లిఫయర్‌లో గాని, సరిగా లేని ఎర్తింగ్ వల్ల గాని ఈక్వలైజర్ దాటాక పుడుతున్నట్టయితే మీరు ఎంత తిప్పినా అది కదలదు. పాట ఆపినా మోత వినిపిస్తుంటే లోపం తీగల్లోనో, పరికరంలోనో ఉందని అర్థం.

రికార్డులో లేని దాన్ని ఈక్వలైజర్ సృష్టించలేదు. పాత 78 రికార్డులలో హెచ్చు పౌనఃపున్యాలు చాలావరకు నమోదే కాలేదు. అక్కడ ట్రెబుల్ పెంచితే పెరిగేది గొంతు కాదు, గరగర. అలాంటి రికార్డులకు పైభాగాన్ని కొంత దించడమే హాయి. డయాఫ్రం వల్ల వచ్చే విరూపణను, రికార్డింగులోనే తెగిపోయిన శిఖరాలను కూడా ఇది బాగుచేయలేదు.

మెల్లగా విన్నప్పుడు

వాల్యూమ్ తగ్గించగానే బాస్ మాయమవుతుందని మీరు గమనించే ఉంటారు. ఇది హెడ్‌ఫోన్ తప్పు కాదు, చెవి స్వభావం. 1933లో బెల్ ప్రయోగశాలల్లో ఫ్లెచర్, మన్సన్ ఈ సంగతిని కొలిచి వక్రరేఖలుగా గీశారు. ఆ తర్వాత అంతర్జాతీయ ప్రమాణంగా సవరించిన రేఖల ప్రకారం, 1,000 హెర్ట్జ్ వద్ద 40 డెసిబెల్ స్వరం ఎంత బిగ్గరగా వినిపిస్తుందో 100 హెర్ట్జ్ స్వరం అంత బిగ్గరగా వినిపించాలంటే దాదాపు 64 డెసిబెల్ కావాలి. తేడా 24. అదే 80 డెసిబెల్ స్థాయిలో ఈ తేడా 12–13కు తగ్గుతుంది. కనుక మెల్లగా వినేవారికి బాస్‌లో కొంత ఎత్తు న్యాయమే. లౌడ్‌నెస్ సౌకర్యం చేసేది ఇదే: వాల్యూమ్ దిగుతున్న కొద్దీ బాస్‌నూ ట్రెబుల్‌నూ దామాషాలో ఎత్తుతుంది, వాల్యూమ్ పెరిగితే దించుతుంది. పెంచడం మేలు చేసే సందర్భం ఇది. ఎందుకంటే మొత్తం స్థాయి అప్పటికే కింద ఉంది.

చెవి మరమ్మతు కాదు

చెవి లోపల నత్త గుల్ల ఆకారంలో ఉండే కాక్లియాలో సుమారు 15 వేల రోమ కణాలు ఉంటాయి. శబ్దాన్ని నాడీ సంకేతంగా మార్చడంలో కీలకం అవే. మనిషిలో అవి ఒకసారి నశిస్తే మళ్లీ పుట్టవు. భారీ శబ్దం వల్ల కలిగే నష్టం సాధారణంగా మొదట బయటపడేది 4,000 హెర్ట్జ్ దాపున. "స్పష్టత" కోసం చాలామంది చేయి పెట్టే చోటు కూడా సరిగ్గా అదే.

ఇందులోని విషవలయాన్ని గమనించండి. బిగ్గరగా విని విని 4,000 హెర్ట్జ్ దగ్గర వినికిడి కొంత తగ్గుతుంది. పాటలో మాటలు మసకబారినట్టు అనిపిస్తాయి. లోపం హెడ్‌ఫోన్‌దనుకుని అక్కడ 6 డెసిబెల్ పెంచుతారు. దెబ్బతిన్న కణాల పక్కనే బతికి ఉన్న కణాల మీద ఇప్పుడు నాలుగు రెట్ల శక్తి పడుతుంది. కొన్నాళ్లకు అదీ చాలదు. ప్రతి మెట్టూ సహేతుకంగానే కనిపిస్తుంది, దారి మాత్రం చెవుడు వైపు.

పెద్దలకు వారానికి 40 గంటల వరకూ 80 డెసిబెల్ సురక్షితమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. ఆపైన ప్రతి 3 డెసిబెల్‌కూ సమయం సగమవుతుంది: 83కు 20 గంటలు, 86కు 10, 89కి 5, 92కు రెండున్నర గంటలే. అంటే మొత్తం వాల్యూమ్‌లో 12 డెసిబెల్ తేడా వారం మొత్తపు సంగీతాన్ని ఒక్క సినిమా నిడివికి కుదించేస్తుంది. వందకోట్లకు పైగా యువతీయువకులు ఈ ప్రమాదపు అంచున ఉన్నారని ఆ సంస్థ 2022లో హెచ్చరించింది.

కనుక ఈ గుర్తులు కనిపిస్తే ఈక్వలైజర్‌ను వదిలి చెవి వైద్యుణ్ణి చూడండి: ఇదివరకు సరిపోయిన అమరిక ఇప్పుడు మసకగా వినిపించడం, ఒక చెవికి ఒకలా మరో చెవికి మరోలా ఉండటం, పాట ఆపాక చెవిలో గీమన్న మోత మిగలడం. 250 నుంచి 8,000 హెర్ట్జ్ వరకూ ఏ చెవి ఎంత వింటున్నదో ఆడియోగ్రామ్ పరీక్ష చూపిస్తుంది. అది సూది గుచ్చని, నొప్పి లేని పరీక్ష.

మిగతావారు ఈ రాత్రే ఒక పరీక్ష చేసుకోవచ్చు. మీ ఈక్వలైజర్‌లో సున్నా గీతకు పైన ఎన్ని పట్టీలున్నాయో, కింద ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. అన్నీ పైనే ఉంటే, ఒక్కోదాన్ని సున్నాకు దించి, మీకు నిజంగా అడ్డుగా ఉన్న మిట్ట ఏదో వెతికి దాన్ని మాత్రం తగ్గించి చూడండి. వాల్యూమ్ గుండీ కూడా కొంత వెనక్కి తిరగడానికి మీ చెయ్యి ఒప్పుకుంటుంది.